కరెంటు పోయిందని ఇంటి సర్వరే మీకు కబురు పంపాలంటే

ఇంటి సర్వర్ ఒక మూలన కూర్చుని తన పని తాను చేసుకుపోతుంది. ఫొటోలు దానిలోకి చేరుతుంటాయి, ఫైళ్ల నకళ్లు పడుతుంటాయి, కెమెరాల దృశ్యాలు నమోదవుతుంటాయి. నెలల తరబడి ఆ మూలకు వెళ్లి చూడాల్సిన అవసరమే రాదు. మీరు ఊళ్లో లేని రోజున కరెంటు పోతే? చాలామందికి ఆ సంగతి తెలిసేది మరునాడు, ఏదో ఫైలు తెరవబోయి అది రానప్పుడు. అప్పటికే డిస్కు మీద రాత సగంలో ఆగిపోయి ఉండవచ్చు.

నేను మొదట ఈ ఏర్పాటు చేసుకున్నప్పుడు, కరెంటు పోయినా కాసేపు బ్యాటరీతో నడిపించే యూపీఎస్ పెట్టాను, కరెంటు పోతే ఈమెయిల్ పంపే చిన్న స్క్రిప్ట్ రాశాను, యూపీఎస్ సాకెట్ స్విచ్చి ఆపి పరీక్షించాను. పది సెకన్లలో ఫోను మోగింది. పని అయిపోయిందని నమ్మాను. కొన్ని వారాల తరువాత నేను వేరే ఊళ్లో ఉండగా నిజంగానే కరెంటు పోయింది. నలభై నిమిషాల తరువాత రెండు మెయిళ్లు ఒకదాని వెనుక ఒకటి వచ్చాయి: ‘కరెంటు పోయింది’, ‘కరెంటు వచ్చింది’. పరీక్షలో నేను ఆపింది యూపీఎస్‌ను మాత్రమే. పక్క సాకెట్‌లో ఉన్న రౌటర్ హాయిగా వెలుగుతూనే ఉంది. అసలు కరెంటు పోయినప్పుడు సర్వర్ బ్యాటరీ మీద నిలబడింది కానీ రౌటర్ అదే క్షణంలో ఆరిపోయింది. చెప్పాల్సిన మాట మెయిల్ వరుసలో చిక్కుకుని, రౌటర్ లేచాకే బయటపడింది.

అందుకే ఈ పనిని స్క్రిప్ట్‌తో మొదలుపెట్టకండి. కబురు నడిచే దారితో మొదలుపెట్టండి.

ముందుగా: ఏమేమి వెలుగుతూ ఉండాలి

సర్వర్ నుంచి మీ చేతిలోని ఫోను దాకా కబురు ఏ పరికరాల మీదుగా వెళుతుందో ఒక కాగితం మీద రాయండి. సర్వర్, దాని పక్కన స్విచ్ ఉంటే అది, రౌటర్, ఫైబర్ తీగ వచ్చి చేరే చిన్న పెట్టె. చాలామంది మరిచిపోయేది ఈ చివరిదాన్నే. అది గోడకు మరెక్కడో బిగించి ఉంటుంది, దాని అడాప్టర్ వేరే గదిలో ఉంటుంది. ఈ గొలుసులో ఒక్క లంకె చీకట్లో ఉన్నా కబురు బయటికి పోదు. అన్నిటినీ యూపీఎస్ మీదికి తీసుకురండి. దూరంగా ఉన్న పెట్టెకు తీగ లాగడం కుదరకపోతే, రౌటర్ల కోసం 12 వోల్టుల చిన్న బ్యాకప్ యూనిట్లు విడిగా దొరుకుతాయి. ఆ పెట్టె అడాప్టర్ మీద రాసిన వోల్టేజీ, ఆంపియర్లు సరిపోల్చి తీసుకోండి.

యూపీఎస్ ఎంతసేపు నిలుస్తుందో లెక్క వేసుకోవడం కష్టమేమీ కాదు. చిన్న యూపీఎస్‌లలో సాధారణంగా 12 వోల్టుల, 7 ఆంపియర్-అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీ ఉంటుంది. రెండూ గుణిస్తే 84 వాట్-అవర్లు. సర్వర్, రౌటర్, ఫైబర్ పెట్టె కలిపి 50 వాట్లు లాగుతుంటే కాగితం మీద గంటా నలభై నిమిషాలు వస్తుంది. ఆ అంకెను నమ్మకండి. బ్యాటరీని వేగంగా ఖాళీ చేస్తే దాని సామర్థ్యం తగ్గుతుంది, ఇన్వర్టర్ తన వంతు తింటుంది, ఏడాది గడిస్తే బ్యాటరీ మరికొంత నీరసిస్తుంది. సగం అనుకుని ప్రణాళిక వేసుకోండి.

యూపీఎస్ వెనుక కొన్ని సాకెట్లకు బ్యాటరీ ఆసరా ఉండదు, మెరుపుల నుంచీ వోల్టేజీ దెబ్బల నుంచీ రక్షణ మాత్రమే ఉంటుంది. సాకెట్ల పక్కన రాసిన అక్షరాలు చదివాకే ప్లగ్గు పెట్టండి.

సర్వర్‌కు కరెంటు పోయిన సంగతి తెలిసేదెలా

యూపీఎస్ పుణ్యమా అని సర్వర్‌కు కరెంటు అందుతూనే ఉంటుంది కాబట్టి, ఎవరో చెబితే తప్ప గోడ సాకెట్ చచ్చిపోయిన సంగతి దానికి తెలియదు. చెప్పగలిగేది యూపీఎస్. వెనుక యూఎస్‌బీ పోర్టు ఉన్న యూపీఎస్ అయితే ఒక తీగతో సర్వర్‌కు కలపండి, సగం పని అయినట్టే. ఇంకా కొనలేదంటే, బ్యాటరీ పరిమాణం కంటే ముందు ఈ పోర్టు ఉందో లేదో చూడండి. ఫోన్లు ఛార్జి చేయడానికి పెట్టిన యూఎస్‌బీ రంధ్రం కాదు, సమాచారం పంపే పోర్టు కావాలి. సాధారణంగా అది చతురస్రాకారంలో, ప్రింటర్ తీగ పట్టేలా ఉంటుంది.

పాత ల్యాప్‌టాప్‌నే సర్వర్‌గా వాడుతున్నవారికి యూపీఎస్ లోపలే ఉన్నట్టు. లినక్స్‌లో ‘సిస్’ కింద ‘క్లాస్’, దాని కింద ‘పవర్ సప్లై’ అనే ఫోల్డర్‌లో ఛార్జర్‌కు ఒక ఫోల్డరు, బ్యాటరీకి ఒక ఫోల్డరు కనిపిస్తాయి. ఛార్జర్ ఫోల్డర్‌లోని ‘ఆన్‌లైన్’ ఫైలులో కరెంటు ఉంటే 1, పోతే 0 ఉంటుంది. పది సెకన్లకోసారి ఆ ఒక్క అంకెను చదివే స్క్రిప్ట్ సరిపోతుంది. పాత విలువను గుర్తుంచుకుని, మారినప్పుడు మాత్రమే కబురు పంపేలా రాయండి.

యూపీఎస్ ఉంది కానీ సమాచార పోర్టు లేదంటారా? దానికీ ఒక ఉపాయం ఉంది. ఇంట్లో స్మార్ట్ ప్లగ్గు లాంటి చిన్న వైఫై పరికరాన్ని, యూపీఎస్‌తో సంబంధం లేని మామూలు సాకెట్‌లో పెట్టండి. రౌటర్‌లో దానికి మారని ఐపీ చిరునామా కేటాయించండి. సర్వర్ పదిహేను సెకన్లకోసారి దాన్ని పింగ్ చేయాలి, అంటే పలకరించి జవాబు వస్తుందేమో చూడాలి, రౌటర్‌నూ పింగ్ చేయాలి. రౌటర్ పలికి, ప్లగ్గు వరుసగా నాలుగుసార్లు పలకకపోతే కరెంటు పోయినట్టు. రెండూ పలకకపోతే చెడింది నెట్‌వర్క్. ఒక్కసారి పలకనంత మాత్రాన నమ్మకండి, వైఫై పరికరాలు అప్పుడప్పుడు కునుకు తీస్తాయి.

నట్ అమర్చడం

యూఎస్‌బీ ఉన్న యూపీఎస్ దారినే వివరంగా చెబుతాను. దీనికి నెట్‌వర్క్ యూపీఎస్ టూల్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, అందరూ నట్ అంటారు. లినక్స్ పంపిణీల్లో దాదాపు అన్నిటిలో దొరుకుతుంది, ఎన్నో కంపెనీల యూపీఎస్‌లతో మాట్లాడుతుంది. ఏపీసీ వారి యూపీఎస్ ఒక్కటే ఉంటే ఏపీసీయూపీఎస్‌డి అనే మరో సాఫ్ట్‌వేర్ ఇంకా సులువు. అందులో ‘ఆన్‌బ్యాటరీ’, ‘ఆఫ్‌బ్యాటరీ’ అనే పేర్లతో స్క్రిప్ట్‌లు పెడితే చాలు, వేళకు అవే నడుస్తాయి. ఆదేశాల పేర్లను ఇక్కడ పలికే తీరులో రాస్తున్నాను. టైపు చేసేటప్పుడు ఆదేశాలకు, ఫైళ్ల పేర్లకు చిన్న ఇంగ్లీషు అక్షరాలు వాడండి. ఫైళ్ల లోపలి అమరికల పేర్లను మాత్రం అక్కడ ఎలా ఉంటే అలాగే ఉంచండి.

నట్‌లో మూడు పాత్రలున్నాయి, ఇవి మనసులో నాటుకుంటే ఫైళ్లు తికమక పెట్టవు. డ్రైవర్ యూపీఎస్‌తో దాని భాషలో మాట్లాడుతుంది. యూపీఎస్‌డి అనే సేవ ఆ సమాచారాన్ని అడిగినవారికి అందిస్తుంది, 3493 అనే పోర్టు మీద. యూపీఎస్‌మాన్ అనేది కాపలాదారు: ఐదు సెకన్లకోసారి పరిస్థితి అడుగుతుంది, మార్పు వస్తే కేక వేస్తుంది, బ్యాటరీ అడుగంటితే సర్వర్‌ను ఆపుతుంది.

ప్యాకేజీ పెట్టుకున్నాక రూట్ అధికారంతో, అంటే సర్వర్ మీద పూర్తి హక్కులున్న వినియోగదారుగా, నట్-స్కానర్ నడపండి. యూపీఎస్ కనిపిస్తే దాని వివరాలు, డ్రైవర్ పేరు తెర మీద పడతాయి. యూఎస్‌బీ వాటిలో ఎక్కువ భాగానికి డ్రైవర్ యూఎస్‌బీహిడ్-యూపీఎస్. ఆ వరుసలనే యూపీఎస్.కాన్ఫ్ ఫైలులో, చదరపు బ్రాకెట్లలో మీకు నచ్చిన పేరు పెట్టి దాని కింద అతికించండి. పోర్టు విలువ ‘ఆటో’.

తరువాత నట్.కాన్ఫ్ తెరిచి ‘మోడ్’ విలువను ‘స్టాండలోన్’ చేయండి. ప్యాకేజీ వచ్చేటప్పుడు అక్కడ ‘నన్’ అని ఉంటుంది, అలాగే వదిలేస్తే ఏ సేవా లేవదు. అంతా సరిగా రాసి గంటలు తల పట్టుకున్నవారిలో ఎక్కువమంది తప్పు ఈ ఒక్క పదంలోనే ఉంటుంది.

యూపీఎస్‌డి.యూజర్స్ ఫైలులో ఒక వినియోగదారు పేరు, సంకేతపదం పెట్టి, అతని పాత్రను ‘యూపీఎస్‌మాన్ ప్రైమరీ’ అని రాయండి. 2.8 కంటే పాత వెర్షన్లలో ‘ప్రైమరీ’ బదులు ‘మాస్టర్’ అని ఉండేది. పాత పాఠాలు చూసి రాసేవారు ఇది గమనించాలి. యూపీఎస్‌మాన్.కాన్ఫ్‌లో ‘మానిటర్’ వరుసలో యూపీఎస్ పేరు, లోకల్‌హోస్ట్, 1 అనే అంకె, అదే వినియోగదారు, అదే సంకేతపదం, చివర ‘ప్రైమరీ’ అన్న ఒక్క పదం రావాలి.

సేవలను మళ్లీ ప్రారంభించి యూపీఎస్‌సీ ఆదేశానికి యూపీఎస్ పేరు ఇచ్చి నడపండి. పొడవాటి జాబితా వస్తుంది. అందులో నాలుగు వరుసలు మీకు ముఖ్యం. ‘యూపీఎస్.స్టేటస్’ ఎదురుగా ఓఎల్ అని ఉంటే కరెంటు ఉన్నట్టు, ఓబీ అంటే బ్యాటరీ మీద ఉన్నట్టు, ఎల్‌బీ చేరితే బ్యాటరీ అడుగంటినట్టు. ‘బ్యాటరీ.ఛార్జ్’ శాతంలో ఉంటుంది. ‘బ్యాటరీ.రన్‌టైమ్’ సెకన్లలో ఉంటుంది, అక్కడ 1380 కనిపిస్తే 23 నిమిషాలని అర్థం. ‘యూపీఎస్.లోడ్’ అంటే యూపీఎస్ మీద పడ్డ భారం, ఇదీ శాతమే. కొన్ని చవక యూపీఎస్‌లు వీటిలో కొన్నిటిని ఇవ్వవు. స్టేటస్ ఒక్కటి సరిగా వస్తే మన పనికి చాలు.

జాబితా రాకుండా అనుమతి లేదనే అర్థంలో మాట వస్తే, ముందు యూఎస్‌బీ తీగ పీకి మళ్లీ పెట్టండి. నట్ పెట్టుకోకముందే తీగ కలిపి ఉంటే, ఆ పరికరాన్ని తాకే అనుమతి నట్ వినియోగదారుకు అంది ఉండదు. మళ్లీ కలిపితే అందుతుంది.

ఎంత ఆగి చెప్పాలి

కరెంటు ఒక్కోసారి కన్ను కొట్టినట్టు పోయి వస్తుంది. ప్రతిసారీ ఫోను మోగితే వారం తిరిగేసరికి మీరు ఆ చప్పుడును పట్టించుకోవడం మానేస్తారు. అప్పుడు కబురు వచ్చినా రానట్టే. కాబట్టి 30 సెకన్లు ఆగి, అప్పటికీ కరెంటు రాకపోతేనే చెప్పేలా పెట్టండి. దీనికి నట్‌లోనే యూపీఎస్‌షెడ్ అనే టైమర్ల సాధనం ఉంది.

యూపీఎస్‌మాన్.కాన్ఫ్‌లో ‘నోటిఫై కమాండ్’ వరుసకు యూపీఎస్‌షెడ్ ఉన్న చోటు ఇవ్వండి. ‘నోటిఫై ఫ్లాగ్’ వరుసల్లో ఆన్‌బ్యాట్, ఆన్‌లైన్, లోబ్యాట్, కామ్‌బ్యాడ్, కామ్‌ఓకే, రిప్ల్‌బ్యాట్ (బ్యాటరీ మార్చాలి) అనే ఆరు సంఘటనలకూ ‘ఎగ్జెక్’ చేర్చండి. అది లేకపోతే సంఘటన లాగ్‌లో నమోదవుతుంది కానీ మీ స్క్రిప్ట్ నడవదు. యూపీఎస్‌షెడ్.కాన్ఫ్‌లో, ఆన్‌బ్యాట్ రాగానే 30 సెకన్ల టైమర్ మొదలుకావాలని ఒక వరుస, ఆన్‌లైన్ రాగానే ఆ టైమర్ రద్దు కావాలని మరో వరుస రాయండి. లోబ్యాట్‌కు టైమర్ వద్దు, వెంటనే నడవాలి. టైమర్ ముగిసినప్పుడు మీ స్క్రిప్ట్‌కు ఆ టైమర్ పేరు అందుతుంది. ఆ పేరును బట్టి ఏ మాట పంపాలో స్క్రిప్ట్ తేల్చుకుంటుంది.

కామ్‌బ్యాడ్ గురించి ఒక్క మాట. యూపీఎస్‌తో సంబంధం తెగిపోయిందని దాని అర్థం. తీగ ఊడినా, ఎవరో గది ఊడుస్తూ కదిలించినా ఇది వస్తుంది. దీన్ని పట్టించుకోనివారి ఏర్పాటు నెలల పాటు గుడ్డిగా నడుస్తూ ఉంటుంది.

మాట, దాని దారి

కబురు మోసే సేవ మీ ఇంట్లో ఉండకూడదు. ఫోనుకు కబుర్లు పంపే గోటిఫై లాంటి సాఫ్ట్‌వేర్‌ను సొంత సర్వర్ మీద నడుపుకోవడం బాగుంటుంది, ఈ ఒక్క పనికి మాత్రం అది తగదు. బయటి సేవల్లో రెండు నాకు నచ్చాయి.

టెలిగ్రామ్‌లో బాట్‌ఫాదర్‌తో మాట్లాడి కొత్త బాట్ చేసుకుంటే ఒక టోకెన్ ఇస్తుంది. మీ ఫోను నుంచి ఆ బాట్‌కు ముందు మీరు ఒక మాట పంపాలి. మీరు పలకరించనిదే బాట్ మీతో మాట్లాడలేదు. తరువాత గెట్‌అప్‌డేట్స్ చిరునామాను బ్రౌజర్‌లో తెరిస్తే మీ చాట్ సంఖ్య కనిపిస్తుంది. టోకెన్, చాట్ సంఖ్య చేతిలో ఉంటే, కర్ల్ అనే ఆదేశంతో ఒక్క వరుసలో సందేశం పంపవచ్చు. రెండోది ఎన్‌టీఎఫ్‌వై. ఖాతా కూడా అక్కర్లేదు, ఒక పేరు ఎంచుకుని ఆ చిరునామాకు మాట పంపితే యాప్‌లో వినిపిస్తుంది. ఆ పేరు తెలిసినవారెవరైనా మీ కబుర్లు చదవగలరు కాబట్టి, ఎవరూ ఊహించలేని పొడవాటి పేరు పెట్టండి. ఇందులో ప్రాధాన్యం 1 నుంచి 5 దాకా ఉంటుంది. కరెంటు పోయినదానికి 4, బ్యాటరీ అడుగంటినదానికి 5 ఇవ్వండి. రాత్రిపూట నిశ్శబ్దంలో పెట్టిన ఫోను కూడా 5కు మోగేలా యాప్‌లో, ఫోను సెట్టింగుల్లో అనుమతించండి.

మాట ఎలా ఉండాలన్నది చిన్న విషయం కాదు. ‘యూపీఎస్ ఆన్ బ్యాటరీ’ అని వస్తే, నిద్ర కళ్లతో చదివేవారికి ఏం చేయాలో తోచదు. నా సర్వర్ పంపేది ఇది:

“02:14కు కరెంటు పోయింది. బ్యాటరీ 97 శాతం. అంచనా 23 నిమిషాలు. భారం 17 శాతం.”

లేచి ఏమైనా చేయాలా, పడుకోవచ్చా అన్నది ఇది చదివితే తేలిపోతుంది. యూపీఎస్‌సీ ఇచ్చే విలువలనే స్క్రిప్ట్ అందులో నింపుతుంది. సమయం మాత్రం సంఘటన జరిగినప్పటిదే ఉండాలి, పంపినప్పటిది కాదు. స్క్రిప్ట్ మొదటి వరుసలోనే సమయాన్ని పట్టి ఉంచుకోండి. కబురు ఆలస్యంగా చేరినా నిజం చెబుతుంది.

పంపడం ఒకసారి విఫలమైతే వదిలేయకూడదు. ఒక్కో ప్రయత్నానికి పది సెకన్ల గడువు, విఫలమైతే పదిహేను సెకన్లు ఆగి మళ్లీ, ఇలా ఎనిమిది సార్లు. ఈ పని వెనుక విడిగా నడవాలి. లేకపోతే తరువాత వచ్చే సంఘటన దీని కోసం వరుసలో నిలబడుతుంది.

ఇక స్క్రిప్ట్ మీ చేతితో నడిపితే పనిచేసి, నట్ నడిపితే పనిచేయకపోవడం చాలా మామూలు. నట్ దాన్ని తన వినియోగదారు పేరుతో నడుపుతుంది. ఆ వినియోగదారుకు మీ హోమ్ ఫోల్డర్‌లోకి ప్రవేశం ఉండదు. స్క్రిప్ట్‌ను నట్ కాన్ఫిగరేషన్ ఉన్న చోటే ఉంచండి, నడిపే అనుమతి ఇవ్వండి, లోపల ప్రతి ఆదేశానికీ పూర్తి చిరునామా రాయండి. మరో వినియోగదారుగా ఆదేశాలు నడిపించే సుడో సహాయంతో నట్ వినియోగదారుగా మారి ఒకసారి నడిపి చూడండి, లోపం వెంటనే తెలుస్తుంది.

నిశ్శబ్దాన్ని గమనించే బయటి కన్ను

ఇంతవరకు చేసిందంతా సర్వర్ బతికి ఉండి, నెట్ నడుస్తూ ఉంటేనే పనిచేస్తుంది. యూపీఎస్ బ్యాటరీయే చచ్చిపోయి ఉంటే కరెంటు పోయిన క్షణమే సర్వరూ పోతుంది, చెప్పడానికి నోరుండదు. మీ వీధికి నెట్ ఇచ్చే పెట్టెకు కరెంటు లేకపోతే, మీ ఇంట్లో అన్నీ వెలుగుతున్నా మాట గడప దాటదు. సర్వర్ చెప్పలేకపోయినప్పుడు దాని మౌనాన్నే వార్తగా తీసుకునేవారు బయట ఒకరుండాలి.

హెల్త్‌చెక్స్ అనే సేవ ఇదే చేస్తుంది. అది మీకు ఒక ప్రత్యేక చిరునామా ఇస్తుంది. మీ సర్వర్, వేళకు పనులు నడిపే క్రాన్ ద్వారా నిమిషానికోసారి ఆ చిరునామాను తాకుతూ ఉండాలి. తాకడం ఆగిపోయి మీరు పెట్టిన గడువు దాటితే, అది మీకు కబురు పంపుతుంది. గడువు ఐదు నిమిషాలు ఉంచండి. రౌటర్ మళ్లీ లేవడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది, దానికే గగ్గోలు అక్కర్లేదు. అప్‌టైమ్ కూమా అనే సాఫ్ట్‌వేర్‌లో కూడా ఇలాంటి సదుపాయం ఉంది, అయితే దాన్ని మరో ఇంట్లోనో, అద్దె సర్వర్ మీదో నడపాలి.

రెండు కబుర్లూ కలిపి చదవడం అలవాటు చేసుకోండి. ‘కరెంటు పోయింది’ అని వచ్చి, కొంతసేపటికి మౌనం వార్త వస్తే బ్యాటరీ అయిపోయి సర్వర్ ఆగిందన్నమాట. మొదటిది రాకుండా మౌనం ఒక్కటే వస్తే నెట్ పోయి ఉండాలి, లేదా యూపీఎస్ చేతులెత్తేసి ఉండాలి.

ఆ రెండింటిలో ఏదో తేల్చడానికి పాత ఆండ్రాయిడ్ ఫోను బాగా పనికొస్తుంది. దానిలో మొబైల్ సిమ్ వేసి, యూపీఎస్‌కు సంబంధం లేని మామూలు సాకెట్‌లో ఛార్జర్ పెట్టండి. ఛార్జింగ్ ఆగినప్పుడు ఏదైనా పని చేయించే టాస్కర్, మాక్రోడ్రాయిడ్ లాంటి యాప్‌లు ఉన్నాయి. ‘ఛార్జర్ ఆగింది, ఒక నిమిషం ఆగు, అప్పటికీ రాకపోతే ఎస్సెమ్మెస్ పంపు’ అని మూడు మెట్లు పెడితే చాలు. దీనికి రౌటర్, ఫైబర్, యూపీఎస్ ఏవీ అక్కర్లేదు. ఫోను సెట్టింగుల్లో ఆ యాప్‌కు బ్యాటరీ పొదుపు ఆంక్షలు తీసేయండి, లేకపోతే కొన్ని రోజులకు ఫోను దాన్ని నిద్రపుచ్చుతుంది. ఏళ్ల తరబడి ఛార్జర్‌కు తగిలించి ఉంచిన ఫోను బ్యాటరీ ఉబ్బవచ్చు. నెలకోసారి చేతిలోకి తీసుకుని వెనుక పలక లేచిందేమో చూడండి. లేచి ఉంటే ఆ ఫోనును ఇక ఛార్జికి పెట్టవద్దు.

ఆగడం, మళ్లీ లేవడం

కబురు అందినా మీరు ఊళ్లో లేకపోతే చేయగలిగింది తక్కువ. సర్వర్ తనంతట తాను చక్కగా ఆగి, కరెంటు వచ్చాక తనంతట తాను లేవాలి. ఆగడాన్ని యూపీఎస్‌మాన్ చూసుకుంటుంది, ఎల్‌బీ రాగానే ఆపేస్తుంది. బ్యాటరీ పాతబడితే ఎల్‌బీకీ పూర్తిగా ఆరిపోవడానికీ మధ్య సమయం మీ సర్వర్ ఆగడానికి చాలకపోవచ్చు. అలాంటప్పుడు యూపీఎస్.కాన్ఫ్‌లో ‘ఇగ్నోర్ ఎల్‌బీ’ పెట్టి, బ్యాటరీ కనీస శాతాన్ని మీరే, ఉదాహరణకు 40 అని, నిర్ణయించండి.

లేవడానికి బయోస్‌లో, అంటే కంప్యూటర్ లేచేటప్పుడు అన్నిటికంటే ముందు నడిచే ప్రోగ్రాంలో, ఒక అమరిక ఉంది. కరెంటు పోయి వచ్చాక ఏం చేయాలన్న చోట ‘పవర్ ఆన్’ ఎంచుకోండి. ఇక్కడే ఒక చిక్కు దాగి ఉంది. సర్వర్ ఆగిపోతూ ఉండగా కరెంటు తిరిగి వచ్చిందనుకోండి. యూపీఎస్ తన సాకెట్లకు కరెంటు ఆపనేలేదు. సర్వర్ దృష్టిలో కరెంటు పోనూ లేదు, రానూ లేదు. అది ఆగిపోయి అలాగే పడి ఉంటుంది, ఇల్లంతా దీపాలు వెలుగుతుండగా. దీనికి విరుగుడు నట్‌లోనే ఉంది: యూపీఎస్‌మాన్.కాన్ఫ్‌లోని ‘పవర్‌డౌన్ ఫ్లాగ్’. ఆగే చివరి ఘట్టంలో ఆ గుర్తు కనిపిస్తే, కొన్ని సెకన్ల తరువాత సాకెట్లను ఆపేయమని సర్వరే యూపీఎస్‌కు చెప్పి తాను పడుకుంటుంది. కరెంటు ఉంటే యూపీఎస్ కాసేపు ఆపి మళ్లీ ఇస్తుంది, బయోస్ దాన్ని చూసి సర్వర్‌ను లేపుతుంది. ఆ వరుస ముందు హాష్ గుర్తు (#) ఉండి నిష్క్రియంగా ఉందేమో చూసుకోండి.

సర్వర్ లేవగానే ‘03:02కు మళ్లీ లేచాను’ అనే కబురు కూడా పంపేలా పెట్టండి. అది వచ్చేదాకా మనసు ఊరుకోదు.

పరీక్ష

యూపీఎస్ ప్లగ్గు పీకి పరీక్షించవద్దు. ప్లగ్గు పీకితే ఎర్త్ కూడా తెగుతుంది, పైగా నాకు జరిగినట్టు రౌటర్ వెలుగుతూనే ఉండి మిమ్మల్ని మోసం చేస్తుంది. ఇంటి మెయిన్ స్విచ్చి ఆపండి. ఇంట్లోవారికి ముందే చెప్పండి, ఫోనులో వైఫై ఆపేసి మొబైల్ డేటా మీద ఉంచండి. గడియారం చూస్తూ రాసుకోండి: స్విచ్చి ఆపిన సమయం, మొదటి కబురు వచ్చిన సమయం, రెండు పింగ్‌ల మధ్య రౌటర్ తడబడిందా, యూపీఎస్ చెప్పిన అంచనా ఎంత, నిజంగా నిలిచింది ఎంత.

మొదటి పరీక్షలో సర్వర్ నిజంగా ఆగడం ఇష్టం లేకపోతే, యూపీఎస్‌మాన్‌లోని ‘షట్‌డౌన్ కమాండ్’ స్థానంలో లాగ్‌లో ఒక వరుస రాసే ఆదేశాన్ని తాత్కాలికంగా పెట్టండి. అది సరిగా జరిగాక అసలు ఆదేశాన్ని తిరిగి పెట్టి, ఎవరూ సర్వర్ వాడని వేళ, యూపీఎస్‌మాన్‌కు ‘సీ’ ఐచ్ఛికంతో ‘ఎఫ్‌ఎస్‌డీ’ అని ఇచ్చి నడపండి. బ్యాటరీ ఖాళీ అయ్యేదాకా ఎదురుచూడకుండానే, ఆగడం, సాకెట్లు ఆరడం, మళ్లీ లేవడం అన్నీ కళ్ల ముందు జరుగుతాయి. ఆ కొద్ది నిమిషాలు సర్వర్ పక్కనే కూర్చోండి. ఏ మెట్టు దగ్గర ఆగిపోయిందో మీ కళ్లతో చూస్తేనే ఏ ఫైలు తెరవాలో తెలుస్తుంది.

మూడు నెలలకోసారి మెయిన్ స్విచ్చి పరీక్ష మళ్లీ చేయండి, ఈసారి పది నిమిషాలు చాలు. లెడ్ యాసిడ్ బ్యాటరీ సాధారణంగా మూడు నుంచి ఐదేళ్లు నిలుస్తుంది, వేడి గదిలో అంతకంటే తక్కువ. చుట్టూ ఉష్ణోగ్రత 25 డిగ్రీల మీద ప్రతి పది డిగ్రీలు పెరిగినప్పుడల్లా దాని ఆయువు దాదాపు సగమవుతుంది. రిప్ల్‌బ్యాట్ కబురు వస్తే వాయిదా వేయకండి. కొత్త బ్యాటరీ వేసిన రోజున తేదీని చిన్న కాగితం మీద రాసి యూపీఎస్ ముందు వైపు అతికించండి, వెనుక కాదు. వెనుక అతికించినది ఎవరికీ కనబడదు.